నోరు మాది, తాళం ఎవరిది?

ఇంటర్నెట్‌ను ప్రభుత్వం అదుపు చేయాలా వద్దా అన్న వాదం ఈ దేశంలో రెండు శిబిరాల మధ్య నడుస్తోంది. అదుపు చేయాల్సిందే, లేకపోతే దేశం తగలబడిపోతుంది అంటుంది ఒక శిబిరం. ముట్టుకోవద్దు, ముట్టుకుంటే భావస్వేచ్ఛ చచ్చిపోతుంది అంటుంది రెండో శిబిరం. మొదటి శిబిరం తన వాదానికి సాక్ష్యంగా మమ్మల్ని చూపిస్తుంది. ముస్లింల మీద ఎంత విషం కక్కుతున్నారో చూడండి, అందుకే మాకు అధికారం కావాలి అంటుంది. రెండో శిబిరం తన వాదం సాఫీగా సాగడం కోసం మమ్మల్ని పక్కన పెడుతుంది. మాటకు మాటే జవాబు, అంతకు మించి ఏమీ అక్కర్లేదు అంటుంది. రెండు చోట్లా మా ప్రస్తావన ఉంది. మా మాట మాత్రం లేదు.

ఈ వ్యాసం ఆ రెండు వాదాల మీదా మా విమర్శ. తీరప్రాంత గుంటూరు పల్లెల్లో తెలుగే మాట్లాడుతూ, తెలుగులోనే తిట్లు తింటూ, తెలుగులోనే జవాబు చెప్పుకోవాల్సిన ముస్లింలుగా మేము ఈ చర్చలోకి వస్తున్నాం. మాకు భావస్వేచ్ఛ పుస్తకాల్లో చదువుకున్న ఆదర్శం కాదు. మా మీద జరిగినదాన్ని బయటపెట్టడానికి మిగిలిన ఒకే ఒక్క దారి. విద్వేషం కూడా మాకు సిద్ధాంత చర్చ కాదు. ఊరి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే కనిపించే మెసేజి.

ముందు మా పొరుగున జరిగిన ఒక సంగతితో మొదలుపెడదాం. మా పిట్టలవానిపాలెం నుంచి బాపట్ల మీదుగా పోతే చీరాల ఎంతో దూరం కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు రెండూ ఒకే బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. అంతకు ముందు చీరాల ప్రకాశంలో, మేము గుంటూరులో ఉండేవాళ్ళం. 2013 మే నెలలో పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. రాష్ట్ర నాయకురాలు, న్యాయవాది జయ వింధ్యాలను పోలీసులు అరెస్టు చేసి రిమాండుకు పంపారు. అప్పటి చీరాల శాసనసభ్యుడు ఆమంచి కృష్ణమోహన్ మీద, అప్పటి తమిళనాడు గవర్నరు కొణిజేటి రోశయ్య మీద ఫేస్‌బుక్‌లో అభ్యంతరకరంగా రాశారన్నది ఆమె మీద మోపిన నేరం. రోశయ్య పుట్టిన వేమూరు కూడా మాకు పక్క ఊరి లెక్కే. ఆమె మీద ప్రయోగించింది సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్.

ఆమె రాసినది నిజమా, అబద్ధమా అన్నది ఇక్కడ మా చర్చ కాదు. పరువు పోయిందనుకున్న నాయకుడు కోర్టుకు వెళ్ళి దావా వేసుకోవచ్చు. కానీ దావా వేస్తే తన మీద వచ్చిన ఆరోపణకు తానూ జవాబు చెప్పుకోవాలి. పోలీసులకు ఫిర్యాదు చేస్తే ఆ బాధ లేదు. మాట్లాడిన మనిషే లోపలికి పోతుంది. 66ఎ సెక్షన్ ఎవరి కోసం పుట్టిందో చీరాల కేసు అరటిపండు ఒలిచినట్టు చూపించింది.

2008 సవరణతో చట్టంలో చేరి 2009 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన ఆ సెక్షన్ చిరాకు కలిగించినా, అసౌకర్యం కలిగించినా నేరమే అంది. మూడేళ్ళ దాకా జైలు అంది. ఎవరికి చిరాకు? ఎంత చిరాకు? చట్టం చెప్పలేదు. చెప్పకపోవడంలోనే దాని బలం ఉంది. చిరాకు పడే హక్కు ఈ దేశంలో అందరికీ సమానంగా లేదు కదా! శాసనసభ్యుడికి చిరాకు వస్తే జీపు కదులుతుంది. పరుపులు కుట్టుకునే నూర్‌బాషా మనిషికి చిరాకు వస్తే, వాడు స్టేషన్ గుమ్మం ఎక్కడానికే మధ్యవర్తిని వెతుక్కోవాలి.

జయ వింధ్యాల అరెస్టు తర్వాత విషయం సుప్రీంకోర్టుకు చేరింది. పై అధికారి అనుమతి లేకుండా ఇలాంటి కేసుల్లో అరెస్టు చేయవద్దన్న కేంద్రం సూచనను పాటించండని 2013 మే 16న కోర్టు రాష్ట్రాలకు చెప్పింది. అంతకు ముందే, 2012 నవంబరులో, మహారాష్ట్ర పాల్ఘర్‌లో బాల్ ఠాక్రే మరణం తర్వాత జరిగిన బంద్‌ను ప్రశ్నించినందుకు ఒక ముస్లిం యువతినీ, ఆ మాటకు లైక్ కొట్టినందుకు ఆమె స్నేహితురాలినీ పోలీసులు పట్టుకుపోయారు. ఆ యువతి బంధువు ఆసుపత్రిని మూక ధ్వంసం చేసింది. ఆ ఘటన వెంట వేసిన శ్రేయా సింఘాల్ కేసులోనే 2015 మార్చి 24న సుప్రీంకోర్టు 66ఎను పూర్తిగా కొట్టేసింది. తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు రోహింటన్ నారిమన్, మరొకరు మా పొరుగు కృష్ణా జిల్లావారైన జాస్తి చలమేశ్వర్.

భావస్వేచ్ఛ శిబిరం ఆ తీర్పును పండగలా జరుపుకుంది. మేము కూడా సంతోషించాం. కానీ ఆ తీర్పు చచ్చిన పామును మాత్రమే చూపించింది, పుట్టను తవ్వలేదు. అదే చట్టంలోని 69ఎ సెక్షన్‌ను కోర్టు నిలబెట్టింది. ఆ సెక్షన్ కింద కేంద్రం ఏ సమాచారాన్నయినా జనానికి కనిపించకుండా చేయవచ్చు. ఆ ఫిర్యాదులనూ, తీసుకున్న చర్యలనూ రహస్యంగా ఉంచాలని 2009 నిబంధనలు చెప్తున్నాయి. అరెస్టయిన మనిషికి కనీసం తను అరెస్టయినట్టు తెలుస్తుంది. మాయమైన మాటకు తను ఎందుకు మాయమైందో తెలియదు. ఇక కొట్టేసిన 66ఎ కూడా చావలేదు. ఆరేళ్ళ తర్వాత కూడా పోలీసులు దాని కింద కేసులు పెడుతూనే ఉన్నారని పి.యు.సి.ఎల్. మళ్ళీ కోర్టుకు వెళ్తే, 2021 జూలైలో న్యాయమూర్తులు ఆశ్చర్యపోయారు. ఆ కేసులన్నీ మూసేయమని 2022 అక్టోబరులో ఆదేశించాల్సి వచ్చింది. న్యాయమూర్తులకు ఆశ్చర్యం కలిగింది గానీ మాకు కలగలేదు. చట్టం పుస్తకంలోంచి పోవడం వేరు, స్టేషన్ అలవాట్లలోంచి పోవడం వేరు.

మా రాష్ట్రంలో ఏ పార్టీ ఏలినా ఈ అలవాటు మారలేదు. 2013లో చీరాల కేసు నాటికి కాంగ్రెసు ప్రభుత్వం. 2017 ఏప్రిల్‌లో శాసనమండలి మీద వ్యంగ్యచిత్రం పెట్టినందుకు 'పొలిటికల్ పంచ్' నడిపే ఇంటూరి రవికిరణ్‌ను అరెస్టు చేసేనాటికి తెలుగుదేశం ప్రభుత్వం. 2020 మేలో విశాఖ ఎల్.జి. పాలిమర్స్ విషవాయువు ఘటన మీద ప్రశ్నలు వేసిన పోస్టు పెట్టిన అరవై దాటిన గుంటూరు మహిళను సి.ఐ.డి. విచారణకు పిలిచేనాటికి వై.ఎస్.ఆర్. కాంగ్రెసు ప్రభుత్వం. 2024 నవంబరులో ఆ పార్టీ సానుభూతిపరుల మీద వరసగా కేసులు పెట్టి అరెస్టులు చేసేనాటికి మళ్ళీ తెలుగుదేశం కూటమి ప్రభుత్వం. వీటన్నిటిలో మాటలు ఒక్కలాంటివి కావు. కొన్ని ప్రశ్నలు, కొన్ని వెక్కిరింతలు, కొన్ని పచ్చి బూతులు. ఆడవాళ్ళ మీద రాసిన బూతును మేము సమర్థించడం లేదు. కానీ చర్య తీసుకోవాలా వద్దా అన్నది ఎప్పుడూ మాటలోని విషాన్ని బట్టి తేలలేదు. అది ఎవరికి తగిలిందన్నదాన్ని బట్టి తేలింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు భావస్వేచ్ఛ గుర్తొచ్చే పార్టీలకు అధికారంలోకి రాగానే క్రమశిక్షణ గుర్తొస్తుంది. రంగు మారుతుంది, లాఠీ మారదు.

ఇంతవరకు చదివి భావస్వేచ్ఛ మిత్రులు మమ్మల్ని తమవాళ్ళుగా లెక్కేసుకోవచ్చు. కొంచెం ఆగమంటున్నాం.

2018 జూలైలో హైదరాబాదు నుంచి బీదర్ వైపు వెళ్ళిన కొందరు ముస్లిం యువకులు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకారు అప్పటికే వాట్సాప్‌లో ఊరూరా పాకి ఉంది. వీళ్ళ బొమ్మలూ వీడియోలూ వీళ్ళ కారుకంటే ముందే పక్క ఊరు చేరాయి. మూక దారి కాసింది. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు చచ్చిపోయాడు. మాటకు మాటే జవాబు అనేవాళ్ళను అడుగుతున్నాం, ఆ రోడ్డు మీద ఆ యువకుడు ఏ మాటతో జవాబు చెప్పాల్సింది? ఎవరితో? ఎంత సమయంలో? ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజిని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. అంటే కట్టడి సాధ్యమేనన్నమాట. మనుషులు చచ్చాక సాధ్యమైంది.

2020 మార్చి చివర ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సంగతి బయటికి వచ్చింది. ఒక్క రోజులో రోగానికి మతం అంటుకుంది. 'కరోనా జిహాద్' అన్న మాట దేశమంతా తిరిగింది. సాయిబుల దగ్గర కూరగాయలు కొనొద్దు, వాళ్ళు ఉమ్మేసి ఇస్తారు అన్న వీడియోలు మా వైపు పల్లెల గ్రూపుల్లోకీ వచ్చాయి. పీర్ల పండక్కి పక్కపక్కన నిప్పుల గుండం తొక్కినవాళ్ళు మా గుమ్మం ముందు నుంచి మూతి తిప్పుకుని పోయారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లీగీ విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ వాళ్ళను బలిపశువులను చేశారని చెప్పింది. తీర్పు మర్యాదగా ఉంది. కానీ గ్రూపుల్లో అబద్ధాన్ని పంచినవాళ్ళెవరూ ఆ తీర్పును పంచలేదు. అబద్ధం గుర్రం మీద పోతుంది, తీర్పు నడిచి వస్తుంది.

2021 జూలైలో ఎనభై మందికి పైగా ముస్లిం మహిళల ఫొటోలు పెట్టి 'సుల్లీ డీల్స్' పేరుతో ఇంటర్నెట్‌లో వేలం వేశారు. చదువుకున్న, ఉద్యోగాలు చేస్తున్న, ప్రశ్నిస్తున్న ఆడవాళ్ళను ఏరి మరీ పెట్టారు. కేసు నమోదైంది. ఆరు నెలలు ఒక్క అరెస్టూ లేదు. 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేరుతో వంద మందికి పైగా మహిళలను మళ్ళీ వేలానికి పెట్టారు. అందులో అరవై దాటిన హైదరాబాదు సామాజిక కార్యకర్త ఖలీదా పర్వీన్ కూడా ఉన్నారు. దేశం మొత్తం ఛీ కొట్టాకే పోలీసులు కదిలారు. అప్పుడు కొద్ది రోజుల్లోనే నిందితులు దొరికారు.

ఇవి భావస్వేచ్ఛకు సంబంధించిన సమస్యలు కావు, నేరాలు అంటారేమో. మేము అనేదీ అదే! వేలం వేయడం అభిప్రాయం కాదు. మూకను పిలవడం అభిప్రాయం కాదు. కానీ మీ వ్యాసాల్లో ఈ తేడా ఎక్కడుంది? భావస్వేచ్ఛ గురించి రాసేటప్పుడు మీకు ఎప్పుడూ వ్యంగ్యచిత్రకారుడే గుర్తొస్తాడు. వేలంలో ఫొటో చూసుకున్న ఆడమనిషి గుర్తు రాదు. తన మాట తనను చంపదని నమ్మకం ఉన్నవాళ్ళు తయారుచేసిన సిద్ధాంతం ఇది. నచ్చకపోతే చూడొద్దు, ఫోను కట్టేసుకో అని సలహా ఇస్తారు. మేము ఫోను కట్టేసుకున్నా పక్కింటివాడి ఫోను మోగుతూనే ఉంటుంది కదా.

ఇప్పుడు అదుపు శిబిరం ముందుకొస్తుంది. చూశారా, అందుకే మాకు ఇంకా అధికారం ఇవ్వండి అంటుంది. అసలు మోసం ఇక్కడే ఉంది.

సుల్లీ డీల్స్ వేళ ప్రభుత్వానికి చట్టం లేకనా ఆరు నెలలు కదలనిది? మతాల మధ్య ద్వేషం రేపితే శిక్షించే 153ఎ, మత భావాలను గాయపరిస్తే శిక్షించే 295ఎ సెక్షన్లు అప్పటికే దశాబ్దాలుగా ఉన్నాయి. 2024 జూలై నుంచి అవే భారతీయ న్యాయ సంహితలో 196, 299 సెక్షన్లుగా ఉన్నాయి. గోషామహల్ శాసనసభ్యుడు రాజాసింగ్ ప్రసంగాలు ఏళ్ళ తరబడి ఇంటర్నెట్‌లో తిరిగాయి. 2020 ఆగస్టులో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ ఒక సంగతి బయటపెట్టింది. ఆయన మీద విద్వేష ప్రసంగ నియమాలను వర్తింపజేయడానికి ఇండియాలోని ఫేస్‌బుక్ పాలసీ అధికారి అడ్డుపడ్డారని, అధికార పార్టీవాళ్ళను శిక్షిస్తే తమ వ్యాపారం దెబ్బ తింటుందని ఆమె చెప్పారని రాసింది. ఆ గొడవ తర్వాతే, సెప్టెంబరులో, ఫేస్‌బుక్ ఆయన్ను నిషేధించింది. ఇక్కడ ప్రభుత్వానికి చట్టం ఉంది, కంపెనీకి నియమం ఉంది. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చున్నాయి. లేనిది అధికారం కాదు, ఇష్టం.

2021 సెప్టెంబరు 2న మర్కజ్ ప్రచారం మీద జమియత్ ఉలమాయె హింద్ వేసిన కేసు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ బెంచి ముందుకు వచ్చింది. కొన్ని మీడియా సంస్థలు అన్నిటికీ మతం రంగు పూస్తున్నాయని, సోషల్ మీడియా కంపెనీలు బలవంతుల మాటే వింటాయని ఆయన అన్నారు. మా మనసులో మాటే అది. అయితే ప్రభుత్వం తరఫు న్యాయవాది దానికి జవాబుగా ఏం చూపించారు? ఆ ఏడాది ఫిబ్రవరిలో తెచ్చిన కొత్త ఐటి నిబంధనలను. మా గాయం ప్రభుత్వానికి వాదన అయింది. గాయం చేసినవాణ్ణి పట్టుకోమని మేము అడిగితే, ఊరందరి నోళ్ళకూ తాళం వేసే చెవి తమకివ్వమని వాళ్ళు అడిగారు.

ఆ చెవి ఎటు తిరుగుతుందో తర్వాతి ఏళ్ళు చూపించాయి. 2023 ఏప్రిల్‌లో నిబంధనలు సవరించి, కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల మీద ఏది అబద్ధమో ప్రభుత్వం పెట్టిన విభాగమే తేలుస్తుందన్నారు. కంచే చేను మేసే ఈ ఏర్పాటును 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. అదే ఏడాది అక్టోబరులో హోంశాఖ 'సహయోగ్' అనే పోర్టల్ తెచ్చింది. 79వ సెక్షన్ ఆధారంగా కేంద్ర, రాష్ట్ర అధికారులు, పోలీసులు ఫలానాది తొలగించమని కంపెనీలకు దాని ద్వారా నేరుగా చెప్పవచ్చు. ఎక్స్ కంపెనీ దీన్ని సవాలు చేస్తే 2025 సెప్టెంబరు 24న కర్ణాటక హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. మరుసటి నెల నిబంధనలు సవరించి, ఆ ఉత్తర్వు ఇచ్చే అధికారాన్ని సంయుక్త కార్యదర్శి స్థాయికి, పోలీసుల్లో అయితే డి.ఐ.జి. స్థాయికి పరిమితం చేశారు, కారణాలు రాయాలన్నారు. మంచిదే. కానీ డి.ఐ.జి. కూడా పోలీసే. ఫిర్యాదుదారుడు, దర్యాప్తుదారుడు, తీర్పరి అందరూ ఒకే శాఖ మనుషులు.

ఇది మాకెందుకు ప్రాణం మీది సంగతో నంద్యాల చెప్తుంది. 2020 నవంబరులో అక్కడ ఒక ముస్లిం ఆటో డ్రైవరు, భార్య, ఇద్దరు పిల్లలు రైలు కింద పడి చచ్చిపోయారు. చావడానికి ముందు వాళ్ళు ఫోన్లో ఒక వీడియో తీసుకున్నారు. చేయని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు పెడుతున్న హింస భరించలేకపోతున్నామని అందులో చెప్పుకున్నారు. ఆ వీడియో కొన్ని రోజులకు బయటపడి చేతి నుంచి చేతికి పాకింది. రాష్ట్రం అట్టుడికింది. సర్కిల్ ఇన్‌స్పెక్టరూ, హెడ్ కానిస్టేబులూ అరెస్టయ్యారు. ఆ నలుగురికీ పత్రిక లేదు, పార్టీ లేదు, లాయరు లేడు. చివరి నిమిషాల్లో చేతిలో ఉన్నది ఫోను ఒక్కటే. ఇప్పుడు ఆలోచించండి. పోలీసుశాఖ పరువు తీస్తోంది, శాంతిభద్రతలకు భంగం అని ఆ వీడియోను తొలగించమనే అధికారం అదే పోలీసుశాఖ చేతిలో ఉంటే ఏమయ్యేది? నాలుగు శవాల కేసు రైల్వే గేటు దగ్గరే ముగిసేది కాదా?

బీదర్‌లో చంపిందీ ఫోనే, నంద్యాలలో సాక్ష్యం చెప్పిందీ ఫోనే. ఈ రెండూ ఒకే తీగ మీద నడుస్తాయి. తీగ తెంపితే పుకారుతో పాటు సాక్ష్యమూ తెగుతుంది. పుకారుకు వేరే దారులున్నాయి. బాబ్రీ మసీదు కూల్చిన 1992లో మన ఊళ్ళల్లో ఇంటర్నెట్ లేదు, పుకారు ఉంది. సాక్ష్యానికి మాత్రం వేరే దారి లేదు.

తీగ తెంపడమంటే ఏమిటో కాశ్మీర్ ముందుగా చూసింది. 2019 ఆగస్టు 5న అక్కడ ఫోన్లు, ఇంటర్నెట్ మొత్తం ఆపేశారు. 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు నిరవధికంగా ఆపడం చెల్లదని, ఉత్తర్వులు బయట పెట్టాలని చెప్పింది. వేగవంతమైన 4జి తిరిగి వచ్చేసరికి 2021 ఫిబ్రవరి అయింది. అప్పుడు తెలుగునాట ఎంతమంది మాట్లాడారు? అది కాశ్మీర్ కదా, ముస్లింలు కదా అనుకున్నారు. 2022 మే 24న అమలాపురంలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ ఇళ్ళు తగలబెట్టారు. కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునేవాళ్ళు సిగ్నలు కోసం గోదావరి గట్ల వెంట తిరిగారు. తగలబెట్టినవాళ్ళ మీద పడాల్సిన శిక్ష ఊరందరి మీదా పడింది. దళితుల అవమానం సంగతి వెనక్కి పోయి, నెట్ ఎప్పుడొస్తుందన్నదే వార్త అయింది. ఒకరి కోసం తయారుచేసిన తాళం ఒకరి దగ్గరే ఆగదు.

ఇక మా లోపలికి చూడాలి. చూడకపోతే ఈ విమర్శ సగమే.

నిషేధించండి, అరెస్టు చేయండి, తొలగించండి అన్న నినాదం మా మత నాయకత్వానికీ, మా రాజకీయ నాయకత్వానికీ చాలా ఇష్టం. 295ఎ సెక్షన్ పుట్టుక చూడండి. 'రంగీలా రసూల్' పుస్తకం మీద ముస్లింల ఆగ్రహం వెనక 1927లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని తెచ్చింది. మా కోసమే అన్నట్టు వచ్చింది. ఈ రోజు అదే సెక్షన్ దళిత మేధావుల మీద, హేతువాదుల మీద, ముస్లిం కుర్రాళ్ళ మీద పడుతోంది. 1988 అక్టోబరులో రష్దీ నవల 'సెటానిక్ వర్సెస్' దిగుమతిని ప్రభుత్వం నిషేధించింది. నాయకులు గెలిచామన్నారు. ఏం గెలిచాం? ఆ తర్వాత నాలుగేళ్ళకే మసీదు కూలింది. పుస్తకాన్ని ఆపగలిగిన ప్రభుత్వానికి గునపాలను ఆపడం చేతకాలేదు. ఆ నిషేధపు ఉత్తర్వు కాగితమే కనబడడం లేదని 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ కేసు మూసేసింది. చిన్న కానుక పెట్టి పెద్ద బాధ్యత ఎగ్గొట్టడం ప్రభుత్వాలకు తెలిసిన విద్య. 2007 ఆగస్టు 9న హైదరాబాదు ప్రెస్‌క్లబ్బులో తస్లీమా నస్రీన్ మీద దాడికి దిగినవాళ్ళలో మజ్లిస్ శాసనసభ్యులే ఉన్నారు. ఆవిడ రాసిన ప్రతి మాటా మాకు నచ్చాలని లేదు. కానీ ఆ రోజు పగిలిన పూలకుండీలు ఎవరి పరువు నిలబెట్టాయి?

మా చరిత్రలో వేరే వారసత్వం కూడా ఉంది. 1912లో కలకత్తాలో మౌలానా ఆజాద్ మొదలుపెట్టిన 'అల్ హిలాల్' పత్రికను బ్రిటిష్ ప్రెస్ చట్టం 1914 నాటికి మూయించింది. ధరావత్తులు కట్టించి, జప్తు చేసి పత్రికను చంపడం అప్పటి పద్ధతి. 1948 ఆగస్టులో హైదరాబాదులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపినవాళ్ళు రజాకార్లు. నిజాం రాజ్యం ఇండియాలో కలవాలని రాసినందుకు సొంత మతంవాళ్ళే ఆయన ప్రాణం తీశారు. నోరు మూయించే చెయ్యి ఒక్క ప్రభుత్వానిదే కాదు, కంపెనీది కూడా కావచ్చు, మనదనుకునే జమాతుది కూడా కావచ్చు. ఆడపిల్లకు ఫోను ఇవ్వొద్దు, ఫొటో పెట్టనివ్వొద్దు అనే పెద్దలు సుల్లీ డీల్స్ తర్వాత మరింత గొంతు పెంచారు. వేలం వేసినవాడు కోరుకున్నదీ అదే కదా, ఆ ఆడమనిషి కనిపించకుండా పోవాలని!

ఈ చర్చ తెలుగు ముస్లింకు మరో రకంగా కూడా ముఖ్యం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు, 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చినప్పుడు, మా మాట అచ్చు కావాలంటే ఎన్నో గుమ్మాలు దాటాలి. సంపాదకుడి బల్ల మొదటి సెన్సారు. ఇది సాహిత్యమా, ఇదేం భాష, ఈ ఉర్దూ మాటలేమిటి అన్న ప్రశ్నలు రెండో సెన్సారు. ఈ రోజు మా పల్లెల్లో డిగ్రీ చదివే నూర్‌బాషా అమ్మాయి తన బాధ తన యాసలో రాసి ఎవరి దయా లేకుండా పదిమందికి చేర్చగలుగుతోంది. అదే పోస్టు కింద పదిమంది వచ్చి 'తురకదానా, పాకిస్తాన్ పో' అని రాస్తున్నారు. ఆమె మాట అదుపు కావాలనే ప్రభుత్వం మాకు వద్దు. ఆ కింద రాసిన బెదిరింపును పట్టించుకోని ప్రభుత్వమూ వద్దు. ఆమె తరతరాలుగా తెలుగే మాట్లాడే ఇంట్లో పుట్టింది. ఆమెను ఎక్కడికి పొమ్మంటున్నారో ఆ దేశపు భాష ఆమెకు ఒక్క ముక్క రాదు.

అందుకే మేము ఏ శిబిరంలోనూ చేరడం లేదు. మా లెక్క వేరు. మాటకూ నేరానికీ మధ్య గీత గీయాలి. ఆ గీత గీసేవాడు ఫిర్యాదుదారుడు కాకూడదు, పోలీసు కాకూడదు. ఏదైనా తొలగించాలంటే కోర్టో, ప్రభుత్వం చేతిలో లేని స్వతంత్ర సంస్థో కారణం రాసి చెప్పాలి. రాసినవాడికి నోటీసు ఇవ్వాలి. అత్యవసరమని ముందు తొలగించినా, తర్వాత విని తీరాలి. ఏవి ఎందుకు తొలగించారో జనానికి తెలియాలి. రహస్యంగా వేసే తాళం ఏదైనా మా నోటికే ముందు పడుతుందన్నది మా అనుభవం.

విద్వేషం విషయంలో మాకు కొత్త చట్టం కంటే పాత చట్టం అమలు ముఖ్యం. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా, మాట్లాడినవాడి మతం చూడకుండా, విద్వేష ప్రసంగాల మీద కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ పోలీసులకు చెప్పింది. 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ అదే ఆదేశం వర్తింపజేసింది. నాయకుడి చిరాకు మీద హైదరాబాదు దాకా వెళ్ళి మనిషిని తెచ్చిన పోలీసులకు, మా గుమ్మం ముందు మోగే బెదిరింపు ఎందుకు వినబడదు? కంపెనీలకు కూడా బాధ్యత ఉండాలి. తెలుగులో వ్యాపారం చేసేవాళ్ళు తెలుగులో తిట్టేమిటో, కులం పేరు ఎప్పుడు పేరో, ఎప్పుడు కత్తో తెలిసిన మనుషుల్ని పెట్టుకోవాలి. ఆ మనుషుల్లో దళితులు, ముస్లింలు, ఆడవాళ్ళు ఉండాలి.

భావస్వేచ్ఛ మిత్రులకు ఒక మాట. మా భయాన్ని లెక్కలోకి తీసుకోని స్వేచ్ఛ మీ ఒక్కరిదే అవుతుంది, దాన్ని కాపాడడానికి మీతో నడిచేవాళ్ళు తగ్గిపోతారు. అదుపు కావాలనే మా పెద్దలకూ ఒక మాట. చీరాలలో ఒక పౌరహక్కుల నాయకురాలి మీద పడిన చెయ్యి, రేపు నంద్యాల లాంటి వీడియో మీద పడితే అప్పుడు ఎవరిని పిలుస్తారు? అప్పుడు మీ తరఫున రాయాల్సిన మనిషి నోటికి తాళం వేయించింది మీరే అయివుంటారు.